మాలకొండయ్య చూపు

సీతారామపురం చుట్టుపక్కల పల్లెల్లో మాలకొండయ్య గురి సంగతి తెలియనివాళ్లు లేరు. మేకలు కాసే ఇంట పుట్టాడు, బడి మొహం చూడలేదు. అయినా ఓబుళరెడ్డి తన రైఫిల్‌ని సొంతవాళ్లను కాదని ఇతని చేతికిచ్చాడంటే ఆ గురిని చూసే. దేశం వదిలిపోతున్న దొర ఒకడి దగ్గర నలభై ఆరులో కొన్న రైఫిల్ అది. లైసెన్సులో రెడ్డి పేరు కింద, తుపాకి మోసేవాడిగా మాలకొండయ్య పేరు కూడా ఎక్కింది. సర్కారు కాగితంలో తన పేరు! ఆ ఒక్క మాట చెప్పుకుని పదేళ్లు తలెత్తుకు తిరిగాడు మనిషి. చేలో పంది దిగినా, మందలో పులి పడినా పిలుపు అతనికే వచ్చేది.

యాభై ఆరు ఎండాకాలంలో వెలిగొండ మీదనుంచి చిరుత ఒకటి దిగి మేకల్ని వరసగా ఎత్తుకుపోసాగింది. మాలకొండయ్య మూడుసార్లు కాపు వేశాడు, మూడుసార్లూ తప్పాడు. మూడోసారి మరీ అన్యాయం. ముప్పై గజాల దూరంలో నిలబడున్న చిరుతను వదిలి తూటా పక్కనున్న బండకు తగిలింది. ఇంకేం, ఊరికి పండగే. ఎదురుపడ్డ ప్రతివాడూ వేళ్లు చూపించి ఇవి ఎన్ని మామా అని అడగడమే. రెడ్డి నవ్వలేదు. ఇంకొక్కసారి తప్పితే తుపాకి తన తమ్ముడి కొడుకు శేషారెడ్డికి ఇస్తానని, కాగితంలో మాలకొండయ్య పేరు కొట్టేయిస్తానని తెగేసి చెప్పాడు.

ఆ మాటతో మాలకొండయ్యకు అన్నం సయించలేదు. పెళ్లాం చెంచమ్మను వెంటబెట్టుకుని ఇంటి వెనక్కి పోయి, ఎదురు గుట్ట మీద మేస్తున్న మేకల్ని లెక్కపెట్టాడు. పదిహేడు. చెంచమ్మ గుట్ట దాకా నడిచిపోయి చూసొచ్చింది. పదిహేడే. మరి తప్పు ఎక్కడుంది? తూటాలు మార్చి చూశాడు, మరలు బిగించాడు. ఫలితం లేదు. చివరికి రైఫిల్‌ని గోనెపట్టాలో చుట్టి, లైసెన్సు కాగితం మొలలో దోపుకుని, ఉదయగిరిలో బస్సెక్కి ఆత్మకూరులో తుపాకులు బాగుచేసే వీరరాఘవులు దగ్గరికి పోయాడు.

వీరరాఘవులు తొందరపడే మనిషి కాదు. గురి చూసే ముల్లు కదులుతుందేమోనని చూశాడు. వానకు చెక్క ఉబ్బి గొట్టాన్ని నెడుతోందేమోనని రెంటి మధ్యా కాగితం ముక్క దూర్చి లాగాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు ఊరి బయట ఇసుక మూటల మధ్య రైఫిల్‌ని కదలకుండా బిగించి, యాభై గజాల దూరంలో పెట్టిన రేకు మూత మీదికి తానే అయిదు తూటాలు కాల్చాడు. రేకుకు ఒకటే తగిలింది. తక్కినవి తలోదిక్కూ పోయాయి.

మాలకొండయ్యకు ప్రాణం లేచొచ్చింది. తప్పు తుపాకిదే, తన కళ్లది కాదు! వెంటనే పోయి ఊరందరి నోళ్లూ మూయించాలనిపించింది.

వీరరాఘవులు మాత్రం ఒక తూటా తీసి, దాని ముక్కును గొట్టం మూతిలో పెట్టి చూశాడు. కొన మాత్రమే దిగి ఆగాల్సినది తూటా మెడదాకా దిగిపోయి అటూ ఇటూ ఊగింది. లోపలికి వెలుతురు పట్టి చూస్తే, తూటాను తిప్పి సూటిగా పంపే మెలికల గాట్లు మూతి దగ్గర అరిగిపోయి అసలు లేనే లేవు.

"దీన్ని దేంతో తోమతా ఉండారు?" అని అడిగాడు.

మాలకొండయ్య గొప్పగానే చెప్పాడు. ఏటా ఆయుధపూజకు ముందురోజు చింతపండూ ఇటుకపొడీ గుడ్డకు పట్టించి, ఇనప చువ్వకు చుట్టి, మూతిలోనుంచి దూర్చి, ఇత్తడి బిందెను తోమినట్టు మధ్యాహ్నం దాకా తోముతాడు. వేటాడి వచ్చిన ప్రతిసారీ అంతే. పూజరోజు ఊరివాళ్లంతా గొట్టంలోకి తొంగిచూసి అద్దంలా ఉందని మెచ్చుకుంటారు. పదేళ్లుగా ఇంకొకరి చేయి పడనివ్వలేదు.

"నీ చేత్తో నువ్వే చంపినావు దీన్ని," అన్నాడు వీరరాఘవులు. "ఇంక దీనికి మందు లేదు. రెడ్డితో చెప్పు, దీన్ని నమ్ముకుని ఎవురూ పులి మీదికి పోగూడదు."

తిరుగు బస్సులో మాలకొండయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కన్నబిడ్డలా చూసుకున్నానని అనుకున్నాడు. పాపిష్టి చేతులు! కళ్లు పోయాయంటే జాలిపడతారు, దేవుడిచ్చిన రాత అంటారు. రెడ్డి తుపాకిని నాశనం చేశాడంటే? పదేళ్ల పేరు ఒక్క పూటలో మట్టిలో కలుస్తుంది. ఉదయగిరిలో దిగి ఊరు చేరేసరికి అతను నిర్ణయించుకున్నాడు.

రెడ్డి ముందు నిలబడి, తల దించుకుని, "తుపాకి బాగానే ఉండాదంటయ్యా. నా కళ్లే పోయినాయి," అన్నాడు.

రెడ్డి కోప్పడలేదు. అయ్యో అన్నాడు. ముసలితనానికి రెండు పుట్లు జొన్నలు ఇప్పిస్తానన్నాడు. శేషారెడ్డి రైఫిల్ అందుకుని గొట్టంలోకి చూసి మురిసిపోయాడు. కొండ దారిలోని పెద్దపులిగుండు బండ కింద కాపు వెయ్యొద్దని, చిరుత దానంతటదే పోతుందని మాలకొండయ్య రెండుసార్లు నసిగాడు. తుపాకి సంగతి మాత్రం బయటపెట్టలేదు.

మూడోరోజు పొద్దుగూకే వేళ కొండ వైపునుంచి ఒక్క తూటా చప్పుడు వినిపించింది, ఆ వెంటనే మనిషి కేక. తూటా చిరుత కాలిని గీరింది, చిరుత శేషారెడ్డి మెడ పట్టింది. మంచం మీద మోసుకొచ్చి బండి కట్టారు. ఉదయగిరి ఇంకా కనుచూపు మేరలోకి రాకముందే ప్రాణం పోయింది. పెళ్లయి ఏడాది తిరగలేదు.

దహనానికి ఊరంతా నడిచింది. మాలకొండయ్య అందరికన్నా వెనక నడుస్తుంటే ఓబుళరెడ్డి ఆగి అతని పక్కకొచ్చాడు. ఏడ్చి ఏడ్చి ఆయన గొంతు బొంగురుపోయింది.

"నీ కళ్లు బాగుంటే నువ్వే పోయుందువు, మా బిడ్డ మిగిలుండును. నీ తప్పేముండాదిలేరా," అన్నాడు. దారికడ్డంగా వాన కోసిన గండి వస్తే, "గుంత ఉండాది, నా చెయ్యి పట్టుకో," అని చేయి చాపాడు.

ఆ గండిని మాలకొండయ్య ఎప్పుడో చూశాడు. దాని అంచున పాకుతున్న ఎర్రచీమల్ని కూడా చూశాడు. రెడ్డి చేయి పట్టుకుని, కనపడని మనిషిలా ఒక కాలు ముందుకు చాపి, గండి ఎక్కడుందా అని తడుముకున్నాడు.