మామ్మ వదులుకున్న కుర్చీ

మా ఏసుప్రభువు గుడిలో ఆడవాళ్ళం చాపల మీద కూర్చుంటాం. మోకాళ్ళు వంగనివాళ్ళ కోసం వెనక గోడవారన కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. అందులో ఒకటి మా పక్కింటి మామ్మది. పోయినేడు ఒక ఆదివారం ఆవిడ లేచి, దేవుడు తన మోకాళ్ళు బాగుచేశాడని సాక్ష్యం చెప్పింది. అందరం స్తోత్రం అన్నాం. ఆ రోజు నుంచే కుర్చీ వదిలేసి చాప మీదికి వచ్చేసింది.

నాకు ఊరుకునే గుణం లేదు. బాగైన మోకాళ్ళతో లేచే మనిషి గోడ పట్టుకుంటుందేమిటి? పాట పాడుతూ కూడా అటే చూసేదాన్ని. ఒకరోజు అమ్మ కసిరింది.

"దేవుడి ముందర కూసుని ఆవిడ మోకాళ్ళు సూత్తావేటే? కళ్ళు మూసుకో!"

మూసుకున్నాను గానీ అనుమానం పోలేదు.

ఈ ఉద్దానంలో చాలామందికి వచ్చినట్టే మా అమ్మకూ కిడ్నీల జబ్బు వచ్చింది. వారానికి రెండుసార్లు పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళి డయాలసిస్ చేయిస్తున్నాం. ఒక్కటి తప్పినా కాళ్ళు పొంగుతాయి, ఊపిరాడదు. ఈ వేసవిలో, జీడిపిక్కల పని కాస్త సద్దుమణిగాక, ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. బయటూరి నుంచి వచ్చిన బోధకుడు అమ్మ తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థించాడు.

"ఆదివారం సాక్ష్యం చెప్పండమ్మా. బాగయ్యానని మీరు ముందు ఒప్పుకోండి, స్వస్థత వెనకే వస్తుంది. మళ్ళీ ఆ సూది దగ్గరికి వెళ్ళారా, అది అపనమ్మకం" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ వచ్చినవాళ్ళంతా ఆమెన్ అన్నారు. అమ్మ కూడా అంది. అది విన్నాక కోపం పోయి భయం పట్టుకుంది.

శనివారం సాయంత్రం అమ్మ పెరట్లో చేప తోముతుంటే అడిగాను, సోమవారం పలాస వెళ్తున్నామా లేదా అని.

"ఎల్తే నాకు నమ్మకం నేదన్నట్టేనా?" అంది అమ్మ.

నేను అడగాల్సిన ప్రశ్న ఆవిడే నన్ను అడిగేసింది. "అసలు నమ్మకమంటే ఏమిటమ్మా?" అన్నాను.

"నాకేటి తెల్సు? సిన్నప్పట్నుంచీ నా దగ్గరే ఉంది. ఎప్పుడూ ఇప్పి సూసుకోనేదు" అని, చేప ముక్కల్ని నీళ్ళలో మళ్ళీ మళ్ళీ కడిగింది. ఆవిడ చచ్చిపోతుందేమోనన్న దిగులు ఒకవైపు, రేపు గుడిలో ఏం చెప్తుందోనన్న ఆత్రం ఒకవైపు. రెండూ ఒకేసారి ఉంటాయని నాకప్పుడే తెలిసింది.

ఆదివారం మా పాస్టరు అయ్యగారు, "సాక్ష్యం ఉన్నవాళ్ళు చెప్పండి" అనగానే అమ్మ లేచింది.

"అందరికీ వందనాలు. దేవుడు నన్ను బాగుసేసినాడని సెప్పమన్నారు. సెప్దామనే ఒచ్చినాను. నాకింకా బాగవనేదు. ఆయాసం అలాగే ఉంది. అబద్దమాడి ఆయన్ని గొప్పోణ్ణి సెయ్యనేను. రేపు పలాస ఎల్తాను. అక్కడ కూడా ఆయన నా కాడే ఉంటాడు. నాకు తెల్సిన నమ్మకం ఇదే."

కూర్చుంది. ఒక్కరూ స్తోత్రం అనలేదు. అయ్యగారు కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకుంటూ ఉండిపోయారు. ఇంతలో నా పక్కన చాప కదిలింది. మామ్మ గోడ పట్టుకుని లేస్తోంది. అయిపోయింది, ఇప్పుడు అమ్మకు నాలుగు చీవాట్లు పెడుతుంది అనుకున్నాను.

"అయితే నాకూ తగ్గనేదు" అంది మామ్మ. "సెప్పీసినాను కదాని ఏడాది బట్టి కిందే కూసుంటన్నాను. ఓలమ్మా, పేణం పోతంది! నా కుర్సీ నాకిచ్చీయండి."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గుడంతా నవ్వింది. అయ్యగారే వెళ్ళి కుర్చీ మోసుకొచ్చి వేశారు. మామ్మ అందులో కూలబడి, కాళ్ళు బారజాపి, "స్తోత్రం పెబువా!" అంది. ఆవిడ నోట ఆ మాట ఎన్నోసార్లు విన్నాను. ఇంత నిండుగా ఎప్పుడూ వినలేదు.

అమ్మ ఏడుస్తోంది. మామ్మ కుర్చీలోంచి ముందుకు వంగి ఆవిడ భుజం తట్టింది.

"రేపు ఆటో ఎన్నింటికే? మోకాళ్ళ డాక్టరు కూడా అక్కడే ఉంటాడేటి?"

"ఉంటాడత్తా" అంది అమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "నువ్వూ ఒచ్చీ, ఆటోలో సోటుంది."