ముడతలు కనపడే కెమెరా

కార్లోవో ఊళ్లో స్టామెన్ ముసలాయన ఏది కొన్నా వేలితో కొట్టి చూడందే కొనడు. గేటుకు నిఘా కెమెరా ఎంచుకోవడానికైతే వారం పట్టింది. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, పెట్టెలన్నీ తిప్పి చూసి, "మొహంలో ముడతలు కూడా కనపడాలి తమ్ముడూ" అన్నాడు కొట్టువాడితో. ఇంట్లో ఎవరైనా పోతే ఫొటోతో చావుకబురు కాగితం గేటుకు అంటించడం ఆ ఊరి ఆనవాయితీ; ఆయన గేటుకూ పోయిన భార్య నేవెనా కాగితం ఉంది. పొద్దున్నే దాని కింద బురద అడుగుజాడలు కనిపిస్తున్నాయి. అవి కంచె తగాదాతో మాటలు మానేసిన పక్కింటి త్స్వెతానావేననీ, చచ్చినదాన్ని కూడా ఆవిడ వదలడం లేదనీ వీధంతా చాటాడు.

కెమెరా ముడతలు బాగానే చూపించింది. వాన వెలిసిన తెల్లవారుజామున త్స్వెతానా పిండి జిగురుతో వచ్చి, ఊడిన మూల అతికించి, నేవెనా మొహాన్ని స్వెటరు చేతి అంచుతో తుడిచి వెళ్లింది. స్టామెన్ మాత్రం ఒకసారి అంటించాక మళ్లీ ఆ కాగితం వంక చూడనేలేదు. గేటు మీది కెమెరా తన కంటపడ్డాక త్స్వెతానా రావడం మానేసింది. తర్వాతి వానకు మూల లేచింది. స్టామెన్ టోపీ నలుపుకుంటూ ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"కాస్త జిగురుందా, చెల్లెమ్మా?"

ఆమె గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. "మూలలకి దట్టంగా రాయి అన్నా. ఒక్కసారన్నా నువ్వు అంటించడం కెమెరాలో పడనీ."