చేపలు నమిలే చప్పుడు

మావయ్య పోయాడని మంగళవారం ఉదయం ఫోన్ వచ్చింది. "డాక్టరు చూశాడా? నాడి సరిగ్గా పట్టుకున్నాడా?" అని అడిగాను. అత్త ఏడుస్తూనే తిట్టింది. దేన్నీ ఊరికే నమ్మకూడదని నాకు నేర్పింది ఆయనే.

చిన్నప్పుడు నన్ను మా ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్ చేపల బజారుకి వెంటబెట్టుకెళ్లేవాడు. "మొప్పెత్తి సూడరా. రంగు పూసీసుంటారు," అనేవాడు. వేలితో రుద్ది, వేలు ఎర్రబడితే "ఏటి దాదా ఇది?" అని చేపలవాడికే నవ్వుతూ చూపించేవాడు. ఇప్పటికీ నేను అలాగే కొంటాను. మనుషుల్నీ దాదాపు అలాగే చూస్తాను.

అలాంటి మనిషి ఒక్క కథ మాత్రం రుజువు లేకుండా చెప్పేవాడు. ఓడలో వంటపని చేసే రోజుల్లో లక్షద్వీపాల్లోని ఒక మారుమూల దీవిలో దిగాడట. చుట్టూ ఉంగరంలా పగడపు దిబ్బ, లోపల మోకాలిలోతు నీళ్లు. "తల ముంచితే సేపలు రాయి నమిలే సప్పుడు ఇనపడతాదిరా. కటకటా. ఆ నమిలిందే ఇసకై ఒడ్డుకొస్తాది."

ఫొటో లేదు. ఒక్క గవ్వైనా తేలేదేమని నిలదీస్తే, "తీసేన్రా. సేతిలో నడిసింది. లోపల పీతుంది. ఒగ్గేసినాను," అన్నాడు. ఎంత తెలివైన జవాబో అనుకున్నాను.

మొన్న చలికాలంలో కొచ్చిలో ఓడెక్కి ఆ దీవికే వెళ్లాను. నిజం చెప్పాలంటే, ఆయన అబద్ధం పట్టుకోవడానికే. నీళ్లలో తల ముంచాను. కటకటా. చిలక ముక్కులాంటి నోళ్లతో పచ్చటి చేపలు పగడాన్ని కొరుకుతున్నాయి. వాటి వెనక నుంచి తెల్లటి ఇసక రాలుతోంది. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది.

నేను తిరిగొచ్చాక, జబ్బుపడ్డ మావయ్య మంచం మీద నుంచే అడిగాడు.

"ఇన్నావేట్రా?"

"ఏటీ ఇనపళ్లేదు మావయ్యా."

ఓడిపోవడం ఇష్టంలేక అలా అనేశాను. ఆయన చాలాసేపు చెవి రుద్దుకున్నాడు. "అయితే నానే తప్పుగా ఇన్నానేమో," అన్నాడు. మళ్లీ ఆ కథ ఎత్తలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండిపోయాను. సిగ్గేస్తోంది.

దహనం అయ్యాక గంగలో మూడు మునకలు వేయమన్నారు. మూడోసారి నేను వెంటనే తల ఎత్తలేదు. ఎక్కడో లాంచీ మోటారు కొట్టుకుంటోంది, అంతే. "ఇన్నాను మావయ్యా," అని నీళ్లలోనే అన్నాను. మాట బుడగలై పైకి పోయింది. ఆయన నమ్మాడో లేదో.