మా అవ్వ అడిగిన వారెంటు

చేతిదాకా వచ్చిన కొరియా ప్రయాణాన్ని నేనే చెడగొట్టుకున్నాను. అదీ తాగి కాదు, కొట్లాడి కాదు, రాజ్యాంగం చదివి. నవ్వకండి, మా అవ్వ సంగతి విన్నాక మీరే నన్ను ఓదారుస్తారు.

గ్రూప్స్ పరీక్షల కోచింగ్ కోసం హిందూపురంలో మూడు నెలలున్నాను. ప్రాథమిక హక్కుల పాఠం విన్న రోజునుంచి నా కాళ్లు నేలమీద ఆగలేదు. బస్సులో కండక్టరు టికెట్ అడిగినా, ఏ అధికరణం కింద అడుగుతున్నావని నిలదీయాలనిపించేది. ఆ ఊపులో పెనుకొండ దగ్గరున్న మా పల్లెకొచ్చి, అరుగుమీద రాజ్యాంగ పాఠాలు మొదలుపెట్టాను. తొలిరోజు పదిమంది వచ్చారు. చివరికి మిగిలింది ఇద్దరే: మా అవ్వ నరసమ్మ, ఎదురింట్లో గొర్రెలు కాసుకునే లింగప్ప.

లింగప్ప రావడానికి కారణముంది. ఒకసారి సంతకు పోయినప్పుడు, అక్కడి పోలీసులు అతన్ని కారణం చెప్పకుండా రోజంతా స్టేషన్లో కూర్చోబెట్టారు. ఎందుకు పట్టుకున్నారో చెప్పడం వాళ్ల బాధ్యత అని నేను చెప్పాను. "ఆ పొద్దు ఈ మాట తెలిసుంటే అడిగుందునప్పా" అన్నాడు. ఇక పట్టుదలగా మూడు సూత్రాలు వల్లె వేయించాను. వారెంటు లేనిదే పోలీసును ఇంట్లోకి రానీయకూడదు. ఎందుకొచ్చావని అడగాలి. తనమీద గానీ, ఇంటివాళ్లమీద గానీ తాను నోరు విప్పకూడదు. ఇంటివాళ్ల సంగతి మాత్రం నేను కలిపిన సవరణ, పార్లమెంటుకు తెలియదు. అవ్వ రోజూ చెనక్కాయలు ఒలుస్తూ అప్పజెప్పేది.

గ్రూప్స్ పరీక్షలో మాత్రం ఈ గురువుగారే, అంటే నేనే, ఫెయిలయ్యారు. ఎర్రమంచి వైపు కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో చేరాను. ఏడాది తిరక్కుండానే రెండు నెలల శిక్షణకు కొరియా పంపుతామన్నారు. నెలలోగా పాస్‌పోర్టు చూపించాలి, లేకపోతే జాబితాలో నా వెనకున్నవాడు పోతాడు. వెంటనే దరఖాస్తు పెట్టాను. పోలీసు విచారణకు ఇంటికి వస్తాడని తెలుసు, ఆ ముక్క ఇంట్లో చెప్పడం మాత్రం మరిచాను. ఆయన వచ్చిన రోజు నేను ధర్మవరంలో, మేనమామ కూతురి పెళ్లికి పట్టుచీరలు తీసేవాళ్ల వెంట ఉన్నాను.

కానిస్టేబుల్ గడప దగ్గర నిలబడి, నా పేరు చెప్పి, ఆంజనేయులు ఇల్లు ఇదేనా అని అడిగాడట.

"వారెంటు ఉండాదా?" అంది అవ్వ.

పాస్‌పోర్టు పనికి వారెంటు అక్కర్లేదని ఆయన ఓపిగ్గా వివరించాడు. అవ్వ నమ్మలేదు. మనవణ్ణి పట్టుకుపోవడానికి తియ్యటి మాటలు చెబుతున్నాడనుకుంది. ఆంజనేయులెవరో తనకు తెలియదనేసింది. పక్కవాళ్ల సాక్ష్యం కోసం ఆయన లింగప్ప దగ్గరికి పోతే, అతను గొర్రె కాలికి మందు పూస్తూ తల ఎత్తలేదు.

"మాట్లాడకుండేది నా హక్కు సార్."

"ఎవరు చెప్పినారప్పా నీకు?"

"అది కూడా చెప్పను."

ఈ చిరునామాలో అలాంటి మనిషి లేడని రిపోర్టు పోయింది. నా దరఖాస్తు ఆగిపోయింది. సంగతి తెలిసి మండిపడుతూ ఇంటికొస్తే, అవ్వ వెలిగిపోతూ ఎదురొచ్చింది.

"నీకోసం పోలీసొచ్చినాడురా. నేను నిన్ను పట్టియ్యలేదు."

ఆ ముఖం చూశాక తిట్టడానికి నోరు రాలేదు. బాగా చేసినావవ్వా అన్నాను, ఏడుపు దిగమింగుకుని.

మళ్లీ విచారణకు అర్జీ పెట్టి, స్టేషన్‌కు పోయి ఆ కానిస్టేబుల్ ముందు చేతులు కట్టుకు నిలబడ్డాను. మా ఇంటికి రండి సార్, గదిగదీ చూసుకోండి అని బతిమాలాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"వారెంటు లేకుండా ఎట్ల వస్తామప్పా?"

స్టేషనంతా నవ్వింది. నాకు ఆ శాస్తి కావాల్సిందే. అయినా మంచివాడు, మర్నాడే వచ్చాడు. అవ్వ మళ్లీ గడపకు అడ్డంగా నిలబడింది. ఈయన్ని నేనే పిలిచానని చెప్పబోయాను.

"నువ్వు గమ్మునుండు. నీ మీద నువ్వే చెప్పుకోకూడదు" అని నా పాఠం నాకే అప్పజెప్పింది.

కానిస్టేబుల్ టోపీ తీసి అరుగుమీద కూర్చున్నాడు. లోపలికి రానని, వీడు నీ మనవడో కాదో చెబితే చాలని అడిగాడు. అవ్వ గడప దిగకుండానే ఆయన్ని ఎగాదిగా చూసింది.

"లోపలికి రానంటాండావు కాబట్టి చెప్తాండా. నా మనవడే. వాని తిక్క చూస్తే తెలీదా?"

పాస్‌పోర్టు వచ్చింది, గడువు దాటిన నాలుగు రోజులకు. జాబితాలో నా వెనకున్నవాడు కొరియా నుంచి మంచు ఫొటోలు పంపుతుంటే కడుపు మండింది, ఇప్పటికీ మండుతుంది. కానీ ఖాకీ బట్టల ముందు మా అవ్వ వంగకుండా నిలబడిందని తలచుకుంటే, ఆ మంట కాస్త చల్లారుతుంది.

కాబట్టి ఆంజనేయులు అనే నేను, ఇకమీదట ఎవరికీ హక్కులను సగం సగం చెప్పననీ, సొంత సవరణలు కలపననీ, పోలీసును పిలిచే ముందు అవ్వ అనుమతి తీసుకుంటాననీ ప్రమాణం చేస్తున్నాను. పాస్‌పోర్టు అవ్వ ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంది. తాళం అడిగితే, ఎందుకో ముందు కాగితం మీద రాసిమ్మంటోంది.