మూడుంబావుకి చెప్పే మాట

కెనడాలో రెజైనా ఊళ్లోని ఆ బడిలో మనుషుల్ని తీసేసే ముందు కేకు తినిపిస్తారు. ఆ సంగతి జ్ఞానవతికి బాగా తెలుసు, ఎందుకంటే ఆరేళ్లుగా ప్రతి జూన్ ఆఖరి వారంలో ఆ కేకు కోసి పంచింది ఆవిడే. ఈసారి స్టాఫ్‌రూమ్ బోర్డు మీద వెళ్లిపోయేవాళ్ల పేర్లు ఏడున్నాయి. రిటైరవుతున్న వైస్ ప్రిన్సిపాల్, ఊరు మారుతున్న ఆఫీసు గుమాస్తా, ముసలి కేర్‌టేకర్, ఆ కింద నలుగురు ఎడ్యుకేషనల్ అసిస్టెంట్లు. ఆ నలుగురిలో జ్ఞానవతి ఒకతి. ఉద్యోగం పోయిందని ఎక్కడా రాయలేదు, ‘పొజిషన్ రిడక్షన్’ అని రాశారు. పేరు మార్చినంత మాత్రాన కాకరకాయకి చేదు పోతుందా?

ఉద్యోగం పోయినందుకు ఆవిడ ఏడవలేదని కాదు. బాత్రూమ్‌లో కుళాయి తిప్పి మరీ ఏడ్చింది. కానీ గుండెలో రాయి పడింది మాత్రం ఐవీ గురించి.

ఐవీకి ఎనిమిదేళ్లు. మాటలు లేవు. చప్పుడైతే చాలు, తల గోడకేసి కొట్టుకుంటుంది. మూడేళ్లుగా ఆ పిల్ల పక్కన కూర్చుని అన్నం తినిపించి, బూట్లు తొడిగి, బొమ్మల కార్డులు చూపించి పాఠం చెప్పేది జ్ఞానవతే. సెలవులయ్యాక, సెప్టెంబర్ నుంచి ఆ కుర్చీలో ఎవరూ ఉండరు.

జ్ఞానవతి నరసాపురం దగ్గర మిషన్ బడిలో పదకొండేళ్లు పసిపిల్లలకి అక్షరాలు దిద్దించిన మనిషి. భర్త విజయరత్నానికి ఇక్కడి ఆస్పత్రి వంటగదిలో పని దొరికాక కెనడా వచ్చింది. మొదట బడిలో లంచ్ టైమ్ కాపలా. తర్వాత సాయంత్రాలు కోర్సు చదివి ఈ ఉద్యోగం. ఐవీని అప్పగించినప్పుడు ఒక ప్లాన్ కూడా చేతికిచ్చారు. ఏ పనికి ఏ ఇంగ్లీషు మాట అనాలో అందులో ఉంది. మూడు వారాలు అలాగే అంది. పిల్ల ఆవిడ ముఖం వైపు కూడా చూడలేదు.

ఆ తర్వాత ఒకరోజు ఫైర్ డ్రిల్ గంట మోగింది. ఐవీ బల్ల కింద దూరి తల బాదుకుంటోంది. జ్ఞానవతికి నోట్లో ఇంగ్లీషు ఆరిపోయింది. తనూ బల్ల కిందికి దూరి, "అయిపోయింది తల్లీ, అయిపోయింది. నేనున్నాగా, దా" అంది. తన కూతురు అబిగేల్ చంటిపిల్లగా ఉన్నప్పుడు అన్నట్టే అంది. ఐవీ బాదుకోవడం ఆపి, ఆవిడ నోటివైపు చూసింది.

ఇక అంతే. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా తెలుగే. ఆగు, దా, చాలు, అయిపోయింది. ఎవరూ లేనప్పుడు గట్టిగా, ఎవరైనా ఉంటే చెవిలో. మూడుంబావుకి బడి వదిలే వేళ పిల్ల ఆవిడ చొక్కా చెయ్యి పట్టుకునేది. "వెళ్లొస్తా తల్లీ" అంటే వదిలేది. వెళ్తున్నా అనడం జ్ఞానవతికి పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ తెలియదు. పొరపాటున ‘వెళ్తా’ అని గడప దాటితే వాళ్లమ్మ వెనక్కి పిలిచి సరిగ్గా అనిపించేది. వెళ్లొస్తానన్నాక రావాలి కాబట్టి, మైనస్ ముప్పై ఐదు చలిలో కారు మొరాయించినా బస్సెక్కి మర్నాడు వచ్చేది.

రోజువారీ రిపోర్టులో మాత్రం ‘మాటతో చెప్పగానే స్పందించింది’ అని రాసేది. అబద్ధం కాదు. ఏ భాషలో మాట అనే గడి ఆ కాగితంలో లేదు. ఆ గడి లేకపోవడమే మంచిదైందనుకుంది పిచ్చిది.

రిడక్షన్ ఉత్తరం వచ్చాక కళ్లు తెరుచుకున్నాయి. ఐవీకి అర్థమయ్యే మాటలు ఈ బడిలో ఇంకెవరికీ రావు. కన్నతల్లికీ రావు. మిగిలిన రెండు వారాల్లో పిల్లని ఇంగ్లీషుకి మళ్లించాలని ప్రయత్నించింది. ‘స్టాప్’ అంటే ఐవీ తన మణికట్టు తనే కొరుక్కుంది. ‘కమ్’ అంటే మూలకి పోయి గోడవైపు తిరిగి కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

"టీచర్‌కి చెప్పేస్తానండీ" అంది ఒకనాడు భర్తతో, అన్నం కలుపుతూ.

"చెప్తే ఏమవుద్దో ఆలోచించావా? ప్లాన్ పక్కన పెట్టేసి మూడేళ్లు సొంతంగా నడిపించావని రాస్తారు. ఖాళీ వస్తే మళ్లీ పిలిచే రీకాల్ లిస్టులోంచి పేరు కొట్టేస్తారు" అన్నాడు విజయరత్నం.

"ఆ పిల్ల ఏమైపోద్దండీ?"

పక్క కుర్చీలోంచి అబిగేల్, "మామ్, జస్ట్ టెల్ దెమ్" అంది ఫోన్‌లోంచి తలెత్తకుండా. తల్లి చెప్పలేదు. టీచర్ కార్లా బల్ల దాకా మూడుసార్లు వెళ్లి, మూడుసార్లూ స్టేప్లర్ అడిగి వచ్చేసింది.

ఆఖరి రోజు వచ్చింది. ఆ బడిలో వీడ్కోలుకి ఒక పద్ధతుంది. పిల్లలంతా కారిడార్‌కి రెండువైపులా నిలబడి చప్పట్లు కొడుతుంటే, వెళ్లిపోయేవాళ్లు మధ్యలోంచి నడవాలి. చివర్న ప్రిన్సిపాల్ ఇత్తడి గంట మోగిస్తుంది. తల్లిదండ్రుల్నీ పిలిచారు. ఐవీ తల్లి మెలిస్సా బేకరీ డ్యూటీ దిగి, ఆ బట్టలతోనే వచ్చి గోడవారన నిలబడింది. ఐవీని లైబ్రరీలో ఉంచమని జ్ఞానవతి పొద్దున్నే బతిమాలింది. కార్లా మాత్రం, "పాపం, మీకు వీడ్కోలు చెప్పాలిగా, హెడ్‌ఫోన్లు పెడదాం" అంది. మంచి మనసుతోనే అంది.

గంట మోగింది. మూడొందల మంది ఒక్కసారి కేకలేశారు. ఐవీ హెడ్‌ఫోన్లు పీకి పారేసి నేలమీద పడింది, తల టైల్స్‌కేసి కొట్టుకుంటోంది. కార్లా ‘స్టాప్’ అంటోంది, మెలిస్సా ‘ఇట్స్ ఓకే బేబీ’ అంటోంది. నుదుటిమీద ఎర్రగా కనిపించింది. జ్ఞానవతి చేతిలో పూలగుత్తి ఎక్కడ పడిందో ఆవిడకే తెలియదు. పరుగెత్తుకెళ్లి నేలమీద కూలబడి, అందరూ వింటుండగా, "అయిపోయింది తల్లీ! అయిపోయింది, నేనున్నాగా. ఆగు. దా" అని అరిచింది.

ఐవీ ఆగింది. లేచి వచ్చి ఆవిడ ఒళ్లో తల పెట్టింది.

తరగతి గదిలో తలుపేసుకున్నాక, నుదుటికి ఐస్ పెడుతూ జ్ఞానవతి అంతా చెప్పేసింది. రీకాల్ లిస్టు గుర్తే రాలేదు. కార్లా తెల్లబోయి, ఇది ఫైల్లో రాయక తప్పదంది.

"నా కూతురికి మాటలు అర్థం కావని మూడేళ్లుగా డాక్టర్లకి చెప్తున్నాను" అంది మెలిస్సా, ఇంగ్లీషులో, మెల్లగా. "అర్థమవుతాయన్నమాట. నాకు రాని భాషలో."

"నేర్పిస్తాను. ఇప్పుడే నేర్పిస్తాను, నాలుగే మాటలు" అంది జ్ఞానవతి. కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో గబగబా రాసింది. మెలిస్సా చదివింది. "దా." ఐవీ చటుక్కున తలెత్తింది. లేచింది. తల్లి చాచిన చేతులు దాటి వెళ్లి జ్ఞానవతి చొక్కా పట్టుకుంది.

మెలిస్సా కాగితం మడిచేసింది. "సెప్టెంబర్‌లో నేను ఈ మాట అంటే మీకోసం వెతుకుతుంది. అప్పుడు మిమ్మల్ని ఎక్కణ్ణుంచి తేను?" అంది. తర్వాత అడిగింది, "రోజూ వెళ్లేటప్పుడు ఏమంటారు?"

జ్ఞానవతి చెప్పింది. దాని అర్థం కూడా చెప్పింది.

"అయితే ఇవాళ అది అనకండి. దయచేసి. రేపటి నుంచి మీరొస్తారని కిటికీ దగ్గర కూర్చుంటుంది" అంది మెలిస్సా. జ్ఞానవతి తలూపింది.

మూడుంబావైంది. "బై, ఐవీ" అంది జ్ఞానవతి. పిల్ల చొక్కా వదల్లేదు. "బై, స్వీటీ." ఐవీ ఆవిడ నోటివైపే చూస్తోంది, రావాల్సిన మాట ఇంకా రాలేదన్నట్టు. మెలిస్సా వేళ్లు విడదీయబోతే ఇంకా గట్టిగా పట్టుకుంది. బట్ట కుట్టు పిగిలింది. పిల్ల గొంతులో అరుపు మొదలవుతోంది, నుదుటి మీద బొప్పి ఇంకా పచ్చిగానే ఉంది.

మెలిస్సా చేతులు వదిలేసి మొహం పక్కకి తిప్పుకుంది. "చెప్పండి" అంది.

జ్ఞానవతి మోకాళ్ల మీద కూర్చుంది.

"వెళ్లొస్తా తల్లీ."

ఐవీ వెంటనే చెయ్యి వదిలేసింది. వెళ్లి తన చోట్లో కూర్చుని పూసలు వరసగా పేర్చుకోసాగింది. మళ్లీ తలెత్తి కూడా చూడలేదు. మూడేళ్లలో ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు మరి.