పున్నయ్య చేతుల మీద వెలుగు

బసవపున్నయ్య గొంతు ఫ్యాక్టరీ గేటు దాటి, రోడ్డవతల టీ కొట్టు దాకా వినిపించేది. సైన్యంలో లారీలు నడిపి, ఢిల్లీ కంటోన్మెంట్‌లో హవల్దారుగా రిటైరయ్యాక అతను రేపల్లెకు తిరిగి వెళ్లలేదు. ఫరీదాబాద్‌లో ఫ్యాన్లు తయారుచేసే ఒక కంపెనీలో చేరాడు. లోడింగ్ యార్డు బాధ్యత అతనిది. సరుకు కోసం వచ్చిన ప్రతి లారీ ఇరుకు సందులోంచి వెనక్కి నడిచి, గోదాము అరుగుకు ఆనుకుని ఆగాలి. ఒక పక్క ప్రహరీ, ఇంకో పక్క ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఇనప కంచె. వెనక నిలబడి పున్నయ్య కేక పెట్టేవాడు. “ఆనే దో... ఆనే దో... థోడా కాటో... బస్!” రానీ, రానీ, కాస్త తిప్పు, చాలు అని. ఆ చివరి మాట దగ్గర లారీ ఆగితే అరుగుకీ దానికీ మధ్య అరచెయ్యి పట్టేంత ఎడం మిగిలేది. డ్రైవర్లు అద్దాల్లోకి కూడా చూసేవారు కాదు. ఆ గొంతే వాళ్లకు అద్దం.

తొంభై నాలుగు వేసవిలో ఆ గొంతు బొంగురుపోయింది. దుమ్మనుకున్నాడు. బీడీలు తగ్గించాడు. మిరియాల పాలు తాగాడు. వానలు వెళ్లేసరికి మింగుడు కూడా కష్టమైంది. ఆసుపత్రిలో డాక్టరు అన్నీ చూసి, క్యాన్సరని చెప్పి, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నాడు. మనిషి బతుకుతాడు, మాట మాత్రం రాదు. పక్కన కూర్చున్న భార్య సత్యవతి వచ్చీరాని హిందీలో ఒకటే అడిగింది.

“తర్వాత కారం తినొచ్చా?”

డాక్టరు నవ్వి, తినొచ్చన్నాడు. “సరే అయితే” అంది సత్యవతి, ఏదో బేరం కుదిరినట్టు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

ఆపరేషన్ తర్వాత పున్నయ్య మెడ కింద చిన్న రంధ్రం మిగిలింది. ఊపిరి అందులోంచే. దాని మీద ఎప్పుడూ ఒక తెల్లటి పలచని గుడ్డ వేలాడేది. మాట్లాడాలనుకున్నది పెదాలతో ఆడించేవాడు, సత్యవతి చూసి పట్టుకునేది. సగం మాటలు సరిగ్గా పట్టుకునేది, సగం ఊహించేది.

డిసెంబరులో మళ్లీ పనిలోకి వెళ్లాడు. డిస్పాచ్ మేనేజరు సదాశివరావుది హైదరాబాదు. మంచివాడు. సొరుగులోంచి విజిల్ తీసి ఇచ్చాడు.

“గొంతు లేకపోతే ఏమాయె పున్నయ్య గారూ, ఇది ఊదుండ్రి. అందరికీ ఇనపడ్తది.”

పున్నయ్య విజిల్ నోట్లో పెట్టుకుని బుగ్గలు పూరించాడు. చప్పుడు రాలేదు. ఊపిరి మెడ దగ్గరే బయటికి పోయి, గుడ్డ రెపరెపలాడింది. సదాశివరావు చప్పున కిటికీ వైపు తిరిగాడు.

పగటిపూట ఇబ్బంది లేకపోయింది. చేతులతో సైగ చేస్తే డ్రైవర్లు అద్దంలో చూసుకునేవారు. కానీ సరుకంతా కదిలేది సాయంత్రమే. చలికాలంలో ఐదు దాటితే చీకటి, దానితో పాటే పొగమంచు. అప్పుడు లారీ పక్కన నడుస్తూ బాడీ మీద చేత్తో చరిచేవాడు. ఒకసారి చరిస్తే రా, రెండుసార్లు చరిస్తే ఆగు. ఒకనాడు హుకమ్ సింగ్ లారీ వస్తోంది. హుకమ్ సింగ్ దగ్గర్లోని పల్వల్ మనిషి, సొంత లారీ, యార్డులో పున్నయ్యకు అందరికంటే దగ్గరివాడు. వెనక ఎంత ఎడం ఉందో చూడటానికి పున్నయ్య అరుగు వైపు వెళ్లాడు. ఫ్యాక్టరీ లోపల రేకులు నొక్కే ప్రెస్సు మోతలో రెండో చరుపు హుకమ్ సింగ్‌కు వినపడలేదు. లారీ ఆగలేదు. పున్నయ్య అరుగు మీదికి ఎగిరి బోర్లా పడ్డాడు. మరుక్షణం లారీ వెనకభాగం అరుగుకు కొట్టుకుని పెచ్చులు రాలాయి.

హుకమ్ సింగ్ దూకి పరుగెత్తుకొచ్చి అతన్ని రెండు భుజాలూ పట్టి కుదిపాడు. “మర్ జాతా తూ, ఫౌజీ! చచ్చిపోయేవాడివి!” అని తిడుతూనే ఉన్నాడు.

మర్నాడు సదాశివరావు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

“యార్డు వద్దు. స్టోర్స్‌ల కూసోండి. రేపు మీకేమన్న అయితే మీ ఇంటామెకు నేనేం జవాబు చెప్పాలె?”

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. పున్నయ్య తలూపి స్టోర్స్‌లోకి వెళ్లాడు. నట్లూ బోల్టులూ సైజులవారీగా వేరు చెయ్యడం పని. అక్కడ అతనితో ఎవరికీ అవసరం పడదు, అతను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. యార్డులో కొత్త మనిషి అరుపులు గోడ అవతల నుంచి వినపడుతుంటే చేతిలో బోల్టు అలాగే ఉండిపోయేది.

ఇంట్లో కూడా పెదాలు కదపడం తగ్గించాడు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, ఉన్నట్టుండి ఏదో అన్నాడు. సత్యవతి కళ్లు చిట్లించి చూసింది.

“వెలగా? వెలగపండా? ఈ చలిలో ఇక్కడ వెలగపండు ఎక్కడ తెచ్చేదయ్యా నేను? ఢిల్లీలో లక్ష్మీ నగర్ బజారుకు వెళ్లినా దొరకదు.”

పున్నయ్య తల అడ్డంగా ఊపి, పైన వేలాడుతున్న బల్బు చూపించాడు. వెలుగు. సత్యవతి నాలిక్కరుచుకుంది. అతని భుజాలు కదిలాయి, మెడ దగ్గర గుడ్డ ఎగిరెగిరి పడింది. ఆపరేషన్ తర్వాత అతను నవ్వడం ఆమె చూడటం అదే మొదలు. తర్వాత నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. లారీ వెనక మంచి వెలుగుంటే నా చేతులు కనపడతాయి.

ఆదివారం ఇద్దరూ హుకమ్ సింగ్ దగ్గరికి వెళ్లారు. పున్నయ్య పెదాలాడించాడు, సత్యవతి తన హిందీలో చెప్పింది. “భయ్యా, పీఛే బత్తీ. బడా బత్తీ. ఇన్‌కా హాథ్ దిఖ్‌నా హై.” వెనక పెద్ద లైటు కావాలి, ఈయన చేతులు కనపడాలి అని. హుకమ్ సింగ్‌కు వ్యాకరణంతో పనిలేకపోయింది. లారీ వెనక ఉన్న రివర్స్ బల్బు మిణుగురంత. ముగ్గురూ నీలం చౌక్ దగ్గర షాపులో ట్రాక్టరుకు వాడే గుండ్రటి లైట్లు రెండు తెచ్చారు. వైరింగ్ పున్నయ్యే చేశాడు, సైన్యంలో చేసిన పనే. రివర్స్ గేరు వేస్తే బల్బు వెలిగించే స్విచ్చు అంత కరెంటు మోయలేదు. అందుకని బ్యాటరీ నుంచి లావు వైరు వేరుగా లాగి, మధ్యలో ఫ్యూజు పెట్టి, ఒక రిలే బిగించాడు. ఇప్పుడు పాత స్విచ్చు రిలేకి సైగ మాత్రం చేస్తుంది, బరువంతా లావు వైరు మోస్తుంది. లైట్లు బాడీ పైకొసన, సూటిగా వెనక్కి బిగించారు.

మొదటి సాయంత్రం మొత్తం చెడింది. గేరు వెయ్యగానే పొగమంచు మీద వెలుగు పడి, లారీ వెనక తెల్లటి గోడ లేచింది. అద్దంలో హుకమ్ సింగ్‌కు పాలు తప్ప ఏమీ కనపడలేదు. ఎదురుగా నిలబడ్డ పున్నయ్యకు కళ్లు చెదిరి చక్రాలే కనపడలేదు. లోడింగు వాళ్లు నవ్వారు. “ఇస్‌సే తో అంధేరా అచ్ఛా థా” అన్నాడొకడు. దీనికంటే చీకటే నయమట. పున్నయ్య ఇంటికొచ్చి ముసుగు తన్ని పడుకున్నాడు.

పొద్దున సత్యవతి లేచేసరికి మాత్రం పానాలు సంచిలో పెట్టుకుని తయారుగా ఉన్నాడు. లైట్లు పైనుంచి విప్పి, బంపరు పక్కన, పొగమంచు పలచగా ఉండే కింది ఎత్తులో బిగించాడు. ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ కాస్త తిప్పి, రెండూ నేలవైపు వంచాడు. ఇప్పుడు వెలుగు చక్రాల వెంట, గోడ మొదట్లో పడుతుంది, కళ్లలో కొట్టదు. అయితే అతను నిలబడే చోట మోకాళ్ల మీద బాగా పడుతోంది గానీ చేతుల దాకా సగమే వస్తోంది. దానికి సత్యవతి ఉపాయం చెప్పింది. పాత తెల్ల దుప్పటి చించి, మోచేతుల దాకా వచ్చే తొడుగులు కుట్టింది.

“పెళ్లికొడుకులా ఉన్నావు” అంది తొడిగి చూసి.

ఆ సాయంత్రం సదాశివరావు కూడా వచ్చి అరుగు మీద నిలబడ్డాడు. హుకమ్ సింగ్ గేరు వేశాడు. నేల మీద రెండు వెలుగు చారలు పరుచుకున్నాయి. వాటి అంచున రెండు తెల్లటి చేతులు లేచాయి. రా, రా అని వేళ్లు లోపలికి పిలిచాయి. కుడి చెయ్యి పక్కకు వంగింది, లారీ వంగింది. రెండు చేతులూ ఒక్కసారి అడ్డంగా నిలిచాయి, లారీ నిలిచింది. సదాశివరావు అరుగు అంచున వంగి ఆ ఎడంలో తన అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు.

“రేపటి సంది మీరు యార్డుకే రండి” అన్నాడు. తర్వాత లారీ వెనక చూపించి, “కానీ ఆ లైట్లు లేని బండి చీకటి పడ్డంక లోపలికి రావొద్దు. ఇది నా షరతు” అన్నాడు.

ఆ షరతు పున్నయ్య జీవితాన్ని ఇంకోవైపు తిప్పింది. ఆ యార్డుకు రావలసిన లారీలన్నిటికీ లైట్లు కావలసి వచ్చాయి. తర్వాత చుట్టుపక్కల ఫ్యాక్టరీల డ్రైవర్లకూ తెలిసింది. ఆదివారాలు అతని ఇంటి ముందు రోడ్డు వారన లారీలు ఆగేవి. పున్నయ్య కింద పడుకుని వైర్లు కలిపేవాడు. పైన మాట్లాడేది సత్యవతి. కంటోన్మెంట్‌లో అన్నేళ్లున్నా కూరగాయల బండి దగ్గర వేళ్లు చూపించి బేరమాడిన మనిషి, ఇప్పుడు డ్రైవర్లతో హర్యానా యాసలో వాదించేది. రిలే, ఫ్యూజు ఆమె నోట ఉప్పూ చింతపండూ అయిపోయాయి. వాళ్లు ఆమెను దీదీ అనేవారు.

ఒక ఆదివారం ఒక పెద్ద లారీ వచ్చింది. దాని డ్రైవరు టీకి వెళ్లాడు. వైర్లు కలిపాక, గేరు వేసి చూడమని పున్నయ్య సైగ చేశాడు.

“నేనా?” అంది సత్యవతి.

అతను తలూపాడు. ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, రెండుసార్లు జారి, మూడోసారి క్యాబిన్‌లోకి ఎక్కింది. అతను కింద నుంచి చేత్తో చూపించినట్టే తాళం తిప్పి, క్లచ్ తొక్కి, గేరు వెనక్కి లాగింది. అద్దంలో భర్త లేచి నిలబడి, బొటనవేలు పైకెత్తి చూపించాడు.

టీ తాగి వచ్చిన డ్రైవరు తన సీట్లో ఆమెను చూసి నోరు తెరిచాడు.

“దీదీ, ఉతరోగీ నహీఁ?” దిగవా అని అడిగాడు.

“ఆగు భయ్యా, ఏక్ మినిట్” అంది సత్యవతి, స్టీరింగు మీద రెండు చేతులూ వేసి. అంత ఎత్తు నుంచి రోడ్డు చివరిదాకా కనిపిస్తోంది. ఎండ వచ్చింది. ఆమెకు దిగబుద్ధి కాలేదు.