కరెంటు పోయినా నిలిచిన లెక్క

నరసింగరావు శ్రీకాకుళం పక్క పల్లెనుంచి భిలాయి వచ్చినప్పుడు అక్కడ ఉక్కు కార్ఖానాకు ఇంకా పునాదులు తవ్వుతున్నారు. బరువైన ఇనుప దూలాలను గొలుసులు కట్టి పైకెత్తే ఖలాసీ పనిలో చేరి, ఆ ఊళ్ళోనే ఖుర్సీపార్ బస్తీలో కాపురం పెట్టాడు. అతని పెద్ద కూతురు నూకరత్నం. లెక్కలంటే ప్రాణం. బీఎస్సీ అయ్యాక, షెడ్లూ దూలాలూ ఎంత బరువు మోస్తాయో లెక్కగట్టే ఒక ఇంజనీరింగ్ సంస్థలో ఉద్యోగం దొరికింది. కాగితపు టేపు మీద చిల్లులు పొడిచే పని. ఆ టేపును కంప్యూటర్ చదివేది.

ఆ కంప్యూటర్ సోవియట్ దేశంనుంచి వచ్చింది. గది నిండా ఇనుప బీరువాల్లా ఉండేది. ఏడాది తిరిగేసరికి నూకరత్నం సంస్థ పెట్టిన పరీక్ష రాసి, దానికి ప్రోగ్రాములు రాసే విభాగంలోకి మారింది. ఆ విభాగానికి పెద్ద వాసుదేవరావు గారు. విజయనగరం మనిషి, నెమ్మదస్తుడు.

వానాకాలం వచ్చిందంటే ఆ గదిలో అందరికీ దిగులే. ఒక షెడ్డు కప్పు లెక్క తేలాలంటే మెషిన్ పొద్దుటినుంచి సాయంత్రందాకా నడవాలి. మధ్యలో ఎక్కడో పిడుగు పడి కరెంటు రెప్పపాటు పోతే చాలు, అంతా మళ్ళీ మొదటికొచ్చేది. మెషిన్‌కు తను ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుండేది కాదు.

"సార్, కరెంటు పోబోతుంటే మెషిన్‌కి ముందే ఒక సిగ్నల్ వస్తాదని సామాను లిస్టులో ఉంది. దాన్ని మనం వాడట్లేదేటి?" అని ఒకరోజు అడిగింది నూకరత్నం.

"మెషిన్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో ఆ భాగం తర్జుమా చెయ్యలేదమ్మా. రష్యన్‌లో ఉంది. చదివేవాళ్లెవరు?" అన్నారు వాసుదేవరావు గారు.

"నేను నేర్సుకుంటాను సార్."

ఆయన నవ్వలేదు గానీ, నమ్మనూ లేదు.

రష్యన్ ఇంజనీర్ల క్వార్టర్లలో వేరా అనే ఆవిడ ఉండేది. భర్త కార్ఖానాలో నిపుణుడు. ఆవిడ తన దేశంలో బడిపంతులమ్మ. వచ్చీరాని హిందీ మాట్లాడేది. నూకరత్నం సైకిలు మీద వెళ్ళి తలుపు కొట్టి, ఆ రష్యన్ పుస్తకం చూపించి, చదవడం నేర్పమంది. డ్యూటీ అయ్యాక రోజూ వెళ్ళడం మొదలుపెట్టింది.

ఇంట్లో తల్లి గున్నమ్మకు ఇది మింగుడుపడలేదు. "ఆఫీసు నుండి తిన్నగా ఇంటికి రాక, రష్యావోల్ల మాటలు నీకెందుకే? ఆలు రేపో మాపో ఎల్లిపోతారు" అంది.

"ఆలు ఎల్లిపోయినా మెషిన్ ఎల్లిపోదు గదమ్మా."

నరసింగరావు అన్నం తింటూనే, "ఎల్లనీయే. అది పట్టిందంటే ఒగ్గదు" అన్నాడు.

చలికాలమంతా చదువు సాగింది. అసలైన అధ్యాయం దగ్గరికొచ్చేసరికి ఒక మాట వేరాకే హిందీలో చెప్పడం చేతకాలేదు. మధ్యలో అడ్డు రావడం అన్న అర్థమేదో ఉంది. అంతలో వంటింట్లో పాలు పొంగిన చప్పుడైంది. వేరా పెన్సిలు తీసుకుని, చదువుతున్న వాక్యం కింద గీత పెట్టి లేచింది. స్టవ్ ఆర్పి వచ్చి, ఆ గీత దగ్గరనుంచే చదవబోయి ఆగింది. "యహీ, యహీ హై!" అని, ఇదే ఆ మాట అన్నట్టు పుస్తకం మీద తట్టింది.

చేస్తున్న పనిని గుర్తుపెట్టి ఆపి, మధ్యలో వచ్చింది చూసుకుని, మళ్ళీ అక్కడికే రావడమని నూకరత్నానికి అర్థమైంది. మెషిన్‌కు వచ్చే ప్రతి సిగ్నల్‌కూ ఒక నంబరుంది. ప్రింటరుకొకటి, టేపుకొకటి, కరెంటుకొకటి. ఆ నంబరుకు మెషిన్ జ్ఞాపకం మొదట్లో ఒక గడి ఉంది. సిగ్నల్ వస్తే నడవాల్సిన ప్రోగ్రాము ఎక్కడుందో ఆ చోటు ముందుగానే ఆ గడిలో రాసిపెట్టాలి. అలా నమోదు చేస్తే, సిగ్నల్ రాగానే మెషిన్ చేస్తున్న పని ఆపి అక్కడికి వెళుతుంది. కరెంటు గడిలో ఇంతవరకూ ఎవరూ ఏమీ రాయలేదు. అందుకే సిగ్నల్ వచ్చినా పట్టించుకునే దిక్కులేదు.

ఆమె చిన్న ప్రోగ్రాము రాసింది. కరెంటు పూర్తిగా పోయేలోపు మెషిన్‌కు దక్కేది అతి కొద్ది సమయం. ఆ కాస్తలోనే లెక్క ఎక్కడిదాకా వచ్చిందో, చేతిలో ఏ అంకెలున్నాయో జ్ఞాపకంలో దాచెయ్యాలి. ఆ జ్ఞాపకం అయస్కాంతపు పూసలతో చేసింది గనక కరెంటు లేకపోయినా చెరగదు. కరెంటు తిరిగొచ్చాక అక్కడినుంచే మొదలుపెట్టాలి. ఆ ప్రోగ్రాము చోటును కరెంటు గడిలో నమోదు చేసి, వాసుదేవరావు గారి దగ్గరికెళ్ళింది.

"మెయిన్ స్విచ్ ఆపి చూడాలి సార్."

"మన చేతులతో మనమే ఆపడమేటి? మెషిన్‌కి ఏటైనా అయితే పైవాళ్ళకి నేనేటి చెప్పను?"

"వాన మనకి చెప్పి ఆపదు గదా సార్. ఇప్పుడైతే అందరం ఇక్కడే ఉన్నాం. చిన్న లెక్కే పెడదాం."

ఆయన ఒక చిన్న లెక్క ఎక్కించమన్నారు. అది నడుస్తుండగా తనే వెళ్ళి స్విచ్ దించారు. ఫ్యాన్లు ఆగిపోయాయి, దీపాలు ఆరిపోయాయి. మళ్ళీ స్విచ్ ఎత్తితే, లెక్క ఆగిన చోటునుంచి నడిచి సరైన జవాబిచ్చింది. అందరూ ఆమె చుట్టూ మూగారు.

ఆ సంతోషం తొలి వానదాకానే నిలిచింది. ఒక మధ్యాహ్నం గాలివానకు కరెంటు పోయి వచ్చింది. పెద్ద షెడ్డు లెక్క పూర్తిగా చెడిపోయింది.

"ఇంతకుముందూ ఇంతే గదా రత్నం," అన్నాడు ఆ లెక్క కోసం ఎదురుచూస్తున్న డిజైన్ ఇంజనీరు గోపాలం. వెక్కిరింపుగా కాదు, అలసటతో అన్నాడు. నూకరత్నానికి అందరిలో రాజుకున్న ఆశ తనే ఆర్పేసినట్టు అనిపించింది.

ప్రింటరులో ఉన్న కాగితాన్ని చింపి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. చివరి వరుస సగమే అచ్చయి ఉంది.

"సార్, కరెంటు పోయేటప్పటికి ప్రింటరు అచ్చేస్తూ ఉంది. స్విచ్ ఆపి చూసినప్పుడు మనం ఏదీ అచ్చెయ్యలేదు" అంది.

"అయితే?"

"ప్రింటరు సిగ్నల్‌కి పలికే ప్రోగ్రాము మిగతా సిగ్నల్సన్నీ ఆపేసి కూర్చుంటుంది. వరుస మొత్తం అయ్యేదాకా ఎవర్నీ రానివ్వదు. కరెంటు సిగ్నల్ వచ్చి బయట నిలబడిపోయింది. దానికి దారి దొరికేసరికి కరెంటే లేదు."

ప్రింటరు ప్రోగ్రాము మెషిన్‌తోపాటు వచ్చింది. దాని జోలికి ఎవరూ వెళ్ళరు. వాసుదేవరావు గారు కుర్చీ జరుపుకుని ఆమె పక్కన కూర్చున్నారు. "ఐతే విప్పుదాం. నువ్వు చదువు, నేను రాస్తాను" అన్నారు.

ఇద్దరూ కలిసి దాన్ని తిరగరాశారు. ఒక్కో అక్షరం ప్రింటరుకు అందించగానే పక్కకు తప్పుకుని, మిగతా సిగ్నల్స్‌కు దారి వదిలేలా మార్చారు. ఈసారి నూకరత్నం అచ్చు నడుస్తుండగా స్విచ్ దించమంది. టేపు చదువుతుండగా దించమంది. రెండూ కలిసి నడుస్తుండగా దించమంది. ఒకసారి లెక్క తప్పితే, ఎందుకు తప్పిందో తేలేదాకా ఎవర్నీ టీకి కూడా లేవనివ్వలేదు.

తరువాతి గాలివానకు గదిలో దీపాలు ఆరి వెలిగాయి. ప్రింటరు ఆగింది. గోపాలం పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కాసేపటికి ప్రింటరు సగంలో ఉన్న వరుసను పూర్తిచేసి, కిందికి జరిగి, తరువాతి వరుస మొదలుపెట్టింది. సాయంత్రానికి పెద్ద షెడ్డు లెక్క తేలింది. గోపాలం ఆ కాగితాల చుట్ట చంకన పెట్టుకుని గొడుగు కూడా మరిచి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి చెబితే గున్నమ్మ సగమే అర్థం చేసుకుంది. "ఐతే ఆ రష్యా ఆవిడికి ఓ పూట బోయినం పెట్టాల" అంది. వేరా వచ్చి నేల మీద కూర్చుని చేపల పులుసు తిని, కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే ఇంకొంచెం వెయ్యమంది.

1970 నాటికి నూకరత్నం చేతికింద కొత్తగా ఇద్దరు చేరారు. టేపు చదివేటప్పుడు మెషిన్ వేరే లెక్కేదీ చెయ్యకుండా ఊరికే కాచుకుని కూర్చోవడం ఆమెకు నచ్చలేదు. ఈసారి టేపు సిగ్నల్ గడిలో ఏముందో చూద్దామని కొత్తవాళ్ళను కూడా పక్కన కూర్చోబెట్టుకుంది.